ఫలం ఆశించొద్దంటే పేరు కూడా వద్దనా? ప్యూజిన్ అనే చర్చి స్థపతి కథ



కర్మయోగం మీద మనం చేసిన వీడియో చూసి ఒక తమ్ముడు మెయిల్ రాశాడు. మూడు నెలలు నిద్ర మానుకుని తను చేసిన పనిని టీమ్ లీడ్ తన పేరుతో పైవాళ్ల ముందు పెట్టాడట. వెళ్లి అడిగితే, "ఎప్పుడూ గీత గీత అంటావు కదా, పని చెయ్, ఫలం ఆశించకు" అని నవ్వాడట. చివర్లో తమ్ముడి ప్రశ్న ఒకటే లైను: "అన్నా, నేను ఊరుకుంటే అది కర్మయోగమా, చేతకానితనమా?"

నిజం చెప్పాలంటే నా దగ్గర జవాబు రెడీగా ఉంది. టైప్ కూడా చేసేశాను. నీ పని నువ్వు చేసుకుంటూ పో, పైన భగవంతుడు చూస్తూనే ఉన్నాడు అని. పంపేముందు ఒకసారి చదువుకున్నాను. చదివితే ఆ టీమ్ లీడ్ చెప్పినదానికీ నేను రాసినదానికీ పెద్ద తేడా కనిపించలేదు. నా మాట కాస్త మెత్తగా ఉంది, అంతే. డిలీట్ చేశాను.

సరిగ్గా ఆ వారమే మా అక్క లండన్ నుంచి బిగ్ బెన్ ముందు దిగిన ఫోటో పంపింది. ఇంత అందమైన గోపురం గీసిన మహానుభావుడు ఎవరబ్బా అని వెతకడం మొదలుపెట్టి, ఒక మనిషి జీవితంలో చిక్కుకుపోయాను. ఆయన పేరు అగస్టస్ వెల్బీ నార్త్‌మోర్ ప్యూజిన్. విక్టోరియా రాణి కాలంలో చర్చిలు కట్టిన స్థపతి. మన ఛానెల్‌లో చర్చి ఏంటని అనుకోకండి. దేవుడికి ఇల్లు కట్టడమే జీవితం అనుకున్నవాడి కథ ఇది. ఆ పిచ్చి ఎలాంటిదో గుళ్ల చుట్టూ తిరిగే మనకి తెలియనిది కాదు.

ప్యూజిన్ 1812 మార్చి 1న పుట్టాడు. తండ్రి ఫ్రాన్స్ నుంచి వలస వచ్చిన చిత్రకారుడు. పాత కట్టడాలను కొలతలు వేసి బొమ్మలు గీసేవాడు. పిల్లాడు తండ్రి పక్కనే కూర్చుని నేర్చుకున్నాడు. పదిహేనేళ్లకే విండ్సర్ కోటకి, అంటే సాక్షాత్తూ రాజుగారి ఇంటికి, కుర్చీలూ బల్లలూ డిజైన్ చేశాడు. తర్వాత నాటకాలకి సెట్లు గీశాడు, సొంత వ్యాపారం పెట్టాడు, మునిగాడు, అప్పు తీర్చలేక కొన్నాళ్లు జైల్లో కూర్చున్నాడు. 1832లో పురిట్లో భార్య పోయింది. ఏడాది తిరిగేలోపు తండ్రీ, తల్లీ కూడా పోయారు. అప్పటికి అతనికి ఇరవై ఒక్కేళ్లు, చేతిలో పసిపాప.

తర్వాత అతన్ని నిలబెట్టింది మధ్యయుగాల నాటి గోథిక్ చర్చిలు. కోసుగా పైకి లేచే ఆర్చీలు, రంగు గాజు కిటికీలు, ఆకాశంలోకి పోయే శిఖరాలు. ఇంగ్లండులో అవన్నీ ఒకప్పుడు కేథలిక్కులు కట్టుకున్నవి. ప్యూజిన్ 1835లో కేథలిక్ అయిపోయాడు. అప్పట్లో అది తేలికైన నిర్ణయం కాదు. కేథలిక్కుల మీద ఉన్న ఆంక్షల్లో ముఖ్యమైనవి తొలగింది 1829లోనే. సమాజంలో అనుమానం అలాగే ఉంది. డబ్బున్న ప్రొటెస్టెంట్ల పనులు చేజారిపోతాయని తెలిసే చేశాడు.

ఇక అక్కడినుంచి చర్చి వెనక చర్చి. బర్మింగ్‌హామ్‌లో సెయింట్ చాడ్స్, నాటింగ్‌హామ్‌లో సెయింట్ బార్నబాస్, లండన్‌లో సెయింట్ జార్జ్స్. స్టాఫర్డ్‌షైర్‌లో చీడల్ అనే చిన్న ఊళ్లో 1846లో పూర్తయిన సెయింట్ జైల్స్ చర్చి ఫోటోలు ఒకసారి చూడండి. తలుపుల మీద ఎర్ర రంగు, దాని మీద బంగారు సింహాలు. లోపలికి వెళితే గోడ, స్తంభం, పైకప్పు, ఎక్కడా ఖాళీ లేదు, అంతా రంగులూ నగిషీలే. మన రాతి మండపంలో ఏ మూల చూసినా ఏదో ఒక బొమ్మ ఉంటుందే, అలా. దానికి డబ్బు పెట్టింది ష్రూస్‌బరీ ఎర్ల్ అనే భక్తుడైన జమీందారు.

ఇంకో విషయం మీకు నచ్చుతుంది. పూజ జరిగే చోటుకీ జనం కూర్చునే చోటుకీ మధ్య ఒక జాలీ తెర ఉండి తీరాలని ప్యూజిన్ పట్టుబట్టేవాడు. గర్భగుడికి గడప ఉన్నట్టు. అంతా బాహాటంగా కనిపిస్తే పవిత్రత పలచబడుతుందని అతని నమ్మకం. కొత్త తరం మతగురువులు మాత్రం జనానికి అంతా కనబడాలి కదా అనేవారు. ఆ తెర కోసం సొంత మతం వాళ్లతోనే గొడవపడ్డాడు, 1851లో దాని మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. దైవదర్శనం ఎంత దగ్గరగా ఉండాలి అన్న చర్చ మన దగ్గరా ఉందిగా. దాని గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం.

మన ప్రశ్నకి పనికొచ్చే విషయం అతని సిద్ధాంతంలో ఉంది. 1841లో వచ్చిన పుస్తకంలో దాన్ని వివరంగా పెట్టాడు. సారాంశం ఇది: కట్టడంలో అవసరం లేనిది ఏదీ ఉండకూడదు, అలంకారం అనేది అవసరమైన భాగానికి అందం తేవడానికే తప్ప అలంకారం కోసం ఏదీ కట్టకూడదు. ఇంకా తేలిగ్గా చెప్పాలంటే, కట్టడం అబద్ధం ఆడకూడదు. ప్లాస్టర్‌ని రాయిలా చూపించకూడదు. బురుజులున్న కోట ఆకారంలో పొయ్యి చేసి అమ్మే వాళ్లనీ, కిటికీలూ నీడలూ అచ్చేసిన వాల్‌పేపర్ అంటించి గోడని మాయ చేసే వాళ్లనీ ఆ పుస్తకంలో ఉతికి ఆరేశాడు. అంతటితో ఆగలేదు. విండ్సర్ కోటకి కుర్రతనంలో తను చేసిన సామాను కూడా అలాంటి ఘోరమేనని అదే పుస్తకంలో ఒప్పేసుకున్నాడు. రాజుగారికి చేసిన పనిని, అదీ తన మొదటి పెద్ద పనిని, తప్పని అచ్చులో రాసుకోవడానికి గుండె కావాలి.

సత్యం అంటే అంత పట్టింపు ఉన్న మనిషి. ఇక బిగ్ బెన్ దగ్గరికి వద్దాం.

1834 అక్టోబర్ 16న లండన్‌లో పాత పార్లమెంటు తగలబడిపోయింది. ఆ మంటలని ప్యూజిన్ కళ్లారా చూశాడు. కొత్తది కట్టడానికి పోటీ పెడితే 97 డిజైన్లు వచ్చాయి. 1836లో గెలిచినవాడు చార్లెస్ బ్యారీ. బ్యారీ పంపిన పోటీ బొమ్మలు గీయడంలో కూలికి సాయపడ్డవాడు మన ప్యూజిన్. తర్వాత కొన్నాళ్లు ఎవరి దారి వారిది. 1844లో బ్యారీ మళ్లీ పిలిచాడు. కొయ్య చెక్కడం పనుల పర్యవేక్షకుడని ఒక హోదా ఇచ్చారు, ఏడాదికి 200 పౌండ్ల జీతం. పేరు చూస్తే వడ్రంగుల మేస్త్రీ అనిపిస్తుంది. చేసింది మాత్రం లోపలి అందమంతా. రాణి కూర్చునే సింహాసనం దగ్గర నుంచి నేల మీద టైల్స్, గోడ మీద కాగితాలు, కిటికీ గాజులు, దీపాలు, తలుపు పిడులు, సిరాబుడ్ల దాకా వేల బొమ్మలు అతని చేతిలోంచి వచ్చినవే.

1852 మొదట్లో బ్యారీ గడియారపు గోపురం బొమ్మలు అడిగాడు. ఇచ్చాడు. ఆ పనికి పడినంత కష్టం జీవితంలో ఎప్పుడూ పడలేదని అప్పట్లో ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. ఆ వెంటనే మనిషి మతి చెదిరింది. ఆ ఏడాదే బ్యారీకి సర్ బిరుదు వచ్చింది. ఆ ఏడాదే ప్యూజిన్‌ని బెడ్లం అనే మానసిక ఆసుపత్రిలో పెట్టారు. ఆ ఆసుపత్రి ఎక్కడుందనుకున్నారు? అతనే కట్టిన సెయింట్ జార్జ్స్ చర్చికి ఎదురుగా. అంతకు నాలుగేళ్ల ముందు, 1848లో, జేన్ అనే ఆవిడని అతను పెళ్లి చేసుకుంది ఆ చర్చిలోనే. జేన్ పట్టుబట్టి భర్తని అక్కడినుంచి బయటికి తెచ్చుకుంది. 1852 సెప్టెంబర్ 14న సొంత ఇంట్లో చనిపోయాడు. నలభై ఏళ్లు. గోపురంలో గడియారం నడవడం మొదలైంది 1859లో.

బ్యారీని వెస్ట్‌మిన్‌స్టర్ ఆబేలో, ఆ దేశపు మహామహుల మధ్య సమాధి చేశారు. ఈ మాట చదివినప్పుడు మన రామప్ప గుడి గుర్తొచ్చింది. కట్టించిన సేనాపతి రేచర్ల రుద్రుడి పేరు శాసనంలో ఉంది. కానీ జనం నోట నిలిచింది చెక్కినవాడిదని చెప్పుకునే పేరు. అన్నిచోట్లా అలా జరగదు.

ఇక్కడిదాకా చదివి మీకు బ్యారీ మీద కోపం వచ్చే ఉంటుంది. నాకూ వచ్చింది. కాసేపటికి తగ్గింది. 1845లో, అంటే ఇంకా పని నడుస్తుండగానే, అసలు కర్త ప్యూజినేనని గుసగుసలు మొదలైతే ప్యూజినే ఒక భవన నిర్మాణ పత్రికకు ఉత్తరం రాసి కొట్టిపారేశాడు. నేను బ్యారీగారి కింద, ఆయన చెప్పినట్టు పని చేసేవాణ్ణి మాత్రమే అని. అదీగాక ఆ భవనం ప్లాను, నది ఒడ్డున దాని నిలువెత్తు రూపం, సభల అమరిక, ఇవన్నీ నిజంగా బ్యారీవే. ఏళ్ల తరబడి కమిటీలతో, మంత్రులతో, ఖర్చుల లెక్కలతో కొట్లాడిందీ బ్యారీయే. అలాంటి ప్లాను తన వల్ల అయ్యేది కాదని ప్యూజిన్ ఒప్పుకునేవాడు. అదే నోటితో, గ్రీకు ఒంటికి ఇంగ్లీషు బట్టలు తొడిగారని ఎగతాళి కూడా చేసేవాడు. ఇద్దరు కలిసి చేసిన పని అది. రాళ్లు ఒకరివి, ప్రాణం ఒకరిది అని సినిమా డైలాగు కొట్టొచ్చు గానీ అదీ పూర్తి నిజం కాదు.

మరి ఆ ఉత్తరం త్యాగమా, అబద్ధమా? ప్లాస్టర్ రాయిలా నటిస్తే ఒప్పుకోని మనిషి, తన పని ఇంకొకరి పనిలా కనిపిస్తుంటే ఎందుకు ఒప్పుకున్నాడు? నన్ను పట్టుకున్న ప్రశ్న ఇదే.

మళ్లీ గీత తెరిచాను. రెండో అధ్యాయం నలభై ఏడో శ్లోకం మనందరికీ నోటికి వచ్చిందే. కర్మ మీదే నీకు అధికారం, ఫలం మీద కాదు. ఎన్నోసార్లు పారాయణ చేసిన శ్లోకంలో నేను ఎప్పుడూ గమనించని సంగతి ఒకటి కనబడింది. అది "నీకు" అని చెప్పిన మాట. అర్జునుడితో కృష్ణుడు చెప్పింది. పని చేసేవాడు తన మనసుకి తాను చెప్పుకోవాల్సింది. పక్కవాడి పని తీసుకుని పోతూ వాడికి చెప్పాల్సిన మాట కాదు. ఇంకా లాజిక్కుగా చూస్తే, చేసినవాడికే ఫలం మీద అధికారం లేనప్పుడు చెయ్యనివాడికి ఎక్కడినుంచి వచ్చింది? ఆ టీమ్ లీడ్ ఈ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్తే చాలు.

ఇంకొకటి. పదకొండో అధ్యాయం, ముప్పై మూడో శ్లోకం. నువ్వు నిమిత్తమాత్రుడివి అని కృష్ణుడు చెప్పేది అక్కడే. ఆఫీసుల్లో వినయం గురించి క్లాసు పీకేవాళ్లకి ఇష్టమైన మాట. కానీ అదే శ్లోకం మొదట్లో లే, కీర్తిని పొందు అని కూడా ఉంది! రెండూ ఒకే ఊపిరిలో చెప్పాడు స్వామి. చేయించేది నేనే అని తెలుసుకో, కీర్తి వస్తే తీసుకో. కీర్తిని తోసెయ్యమని అక్కడ లేదు.

నాకు తోచింది చెప్తాను, పెద్దలు తప్పుంటే దిద్దండి. మెచ్చుకోలు, బిరుదు, జీతం, చప్పట్లు, ఇవి ఫలం. వీటిని వదులుకునే స్వేచ్ఛ నాకుంది. కానీ ఈ పని ఎవరు చేశారు అన్నది ఫలం కాదు, జరిగిన విషయం. అది నా ఆస్తి కాదు వదులుకోవడానికి. సన్మానం వద్దని చెప్పడం వైరాగ్యం. నేను చెయ్యలేదని చెప్పడం వేరే సంగతి. ప్యూజిన్ ఉత్తరం ఈ రెండింటి మధ్య సన్నటి గీత మీద నిలబడి ఉంది. అందులో సగం వినయం ఉంది, సగం నిజం ఉంది, మిగిలింది బహుశా చిరాకు. అతనికి ఆ భవనం మీద పెద్ద ప్రేమ లేదు, మనసంతా చర్చిల మీదే. ఇష్టం లేనిదాన్ని వదిలేస్తే దాన్ని త్యాగం అనడం కూడా కష్టమే.

అతను వదులుకున్నదాని బరువు కొడుకు మోశాడు. 1867లో ఎడ్వర్డ్ ప్యూజిన్, ఆయన కూడా చర్చి స్థపతే, పార్లమెంటు అసలు కళాకారుడు మా నాన్నేనని పుస్తకం వేశాడు. నాన్న పోయాక ఆయన ఉత్తరాలు బ్యారీ చూస్తానని తీసుకున్నాడనీ, తర్వాత అవి కనబడలేదనీ ఆరోపించాడు. బ్యారీ కొడుకు ఎదురు పుస్తకం వేశాడు. అప్పటికి ఇద్దరు తండ్రులూ లేరు. తండ్రి ఒక్క వాక్యం సూటిగా రాసి ఉంటే, ప్లాను ఆయనది, లోపలి పని నాది అని, కొడుక్కి ఆ కోర్టు పక్షి బతుకు తప్పేదేమో.

అలాగని ప్యూజిన్ ఫలాసక్తి లేని యోగి అనుకుంటే పొరపాటు. పేరు మీద లేని ఆశ ఇంకోచోట ఉంది. మనసులో చూసిన చర్చి నేల మీద అచ్చం అలాగే లేవాలి. లేవకపోతే అన్నం సహించేది కాదు. డబ్బు చాలక శిఖరం ఆగిపోతే, ఎవరో తెర తీసేద్దామంటే రగిలిపోయేవాడు. జీవితమంతా గొప్పవి ఊహించి, చివరికి కట్టింది అంతంత మాత్రం అని 1850 ప్రాంతంలో వాపోయాడు. చీడల్ లాంటి చర్చి కట్టినవాడి మాట ఇది! గుమాస్తాని పెట్టుకోవచ్చు కదా అని ఎవరో అడిగితే, పెట్టుకుంటే వారంలో చస్తాడు అన్నాడని ఒక స్నేహితుడు రాశాడు. చదివి నవ్వాను. తర్వాత భయమేసింది. గుమాస్తా లేడు కాబట్టి ఆ బరువు అంతా పడింది ఎవరి మీద?

రామ్స్‌గేట్ అనే సముద్రపు ఊళ్లో, తన ఇంటి పక్కనే, 1845లో సొంత డబ్బుతో సెయింట్ ఆగస్టీన్ చర్చి మొదలుపెట్టాడు. జమీందారు లేడు, కమిటీ లేదు, అడ్డుపడేవాడు లేడు. బయట చెకుముకి రాయి, లోపల మంచి రాయి. సంపాదించిందంతా అందులో పోశాడు. ఎనిమిది మంది పిల్లల తండ్రి మరి. ఆ చర్చి పూర్తి కాకుండానే పోయాడు, అందులోనే సమాధి అయ్యాడు. శిఖరం ఇప్పటికీ లేదు.

ఇదంతా తమ్ముడికి జవాబుగా రాసుకుంటూ, వెళ్లి మాట్లాడు అని చెప్దామనుకున్నాను. కోపంగా కాదు, లెక్క అప్పజెప్పినట్టు. ఈ భాగం నేను చేశాను, ఈ భాగం మీరు చేశారు అని ఒక మెయిల్. ప్రమోషన్ అడగక్కర్లేదు. అది వస్తుందో రాదో నీ చేతిలో లేదు, అక్కడ నలభై ఏడో శ్లోకం నిజంగా పనికొస్తుంది. ఇంతవరకూ రాసి, బాగుందనుకుని, ఈ పోస్టుకి తగిన బొమ్మ కోసం మన ఛానెల్ ఫోల్డర్ తెరిచాను.

అక్కడ దొరికిపోయాను.

మన వీడియోల్లో మీరు చూసే దేవతామూర్తుల బొమ్మలు నేను గీసినవి కాదండీ. ఒక చెల్లెలు గీస్తుంది. రెండేళ్ల నుంచి. ఆ నృసింహస్వామి కళ్లు చూసి ఏడుపొచ్చిందని మీలో ఎంతమంది నాకు రాశారో! నేను ప్రతిసారీ థాంక్యూ అండీ, అంతా స్వామి దయ అని పెట్టాను. డిస్క్రిప్షన్‌లో కెమెరా పేరు ఉంది, మైకు పేరు ఉంది, ఆ అమ్మాయి పేరు లేదు. మొదట్లో ఒకసారి అడిగాను, వెయ్యనా అని. పర్లేదు అన్నయ్యా, దేవుడి పనే కదా అంది. ఆ ఒక్క "పర్లేదు"ని పట్టుకుని రెండేళ్లు నడిపించేశాను. బ్యారీ దగ్గర కనీసం అచ్చయిన ఉత్తరం ఉంది.

ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మా అమ్మకి చూపిద్దామని చాలాసార్లు అనుకున్నా అన్నయ్యా, చూపిస్తే నీ పేరేదే అంటుందని చూపించలేదు" అంది. నా దగ్గర మాట లేదు.

పాత వీడియోలన్నిటి కింద పేరు చేర్చడం నిన్న రాత్రి పూర్తయింది. ఇంటిపేరుతో సహా వెయ్యమంది. ఈ పోస్టులో కూడా రాస్తానంటే మాత్రం వద్దంది, ఇందులో తన బొమ్మ ఏదీ లేదు కదా అని.